ఇంట్లోనే కారు కడిగి మెషిన్ పాలిష్ చేసే పద్ధతి

పాలిష్ అంటే పెయింటు మీద ఏదో పూసి మెరిపించడం అనుకునేవాళ్ళే ఎక్కువ. మెషిన్‌తో కొట్టే పాలిష్ పూత కాదు, అరగదీత. రంగు పైన ఉండే పారదర్శకమైన పొరని క్లియర్ కోట్ అంటారు. గీత పోవాలంటే దాన్ని పూడ్చడం కుదరదు. గీత అడుగు ఎంత లోతుందో, చుట్టూ ఉన్న పొర కూడా అక్కడిదాకా దిగాలి. ఇప్పటి కార్లలో ఈ క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. మనం రాసుకునే కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే కాగితం మందంలో సగానికి మించని పొర మీద మనం పని చేస్తున్నాం. గట్టిగా ఒకసారి కాంపౌండ్ (ఎక్కువ అరగదీసే గరుకు పాలిష్) కొడితే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు, పోయింది మళ్ళీ రాదు. రంగుని ఎండ నుంచి కాపాడేది కూడా ఈ పొరే. మరీ పలచబడిన చోట కొన్నేళ్ళకి పొట్టులా లేచి, తెల్లటి మచ్చలు పడి రాలిపోతుంది.

అందుకే కడగడాన్ని పాలిష్‌కి ముందు చేసే చిన్న పనిగా చూడకండి. ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నగీతల్లో చాలావరకు రోడ్డు మీద పడ్డవి కావు, కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ చేత్తో పెట్టినవే. ఆ గీతలు గుండ్రంగా ఉంటాయనుకుంటాం కానీ ఉండవు. నిజానికి అవి అన్ని వైపులకీ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగు పడే చోటు చుట్టూ, ఆ వెలుగుకి అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే మెరుస్తాయి కాబట్టి కంటికి వలయాల్లా కనిపిస్తాయి. టార్చిలైటు పక్కకి జరిపితే ఆ సాలెగూడు కూడా దానితోపాటే జరుగుతుంది, చూడండి.

కడగడం

కారు నీడలో ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద షాంపూ ఆరిపోయి మరకలు కడుతుంది. పొడి గుడ్డతో దుమ్ము దులపడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. దుమ్ములో ఉండే సన్నని ఇసుక, పెయింటు మీద గరుకు కాగితంలాగే పని చేస్తుంది.

ముందు చక్రాలు కడగండి. వాటి మీద బ్రేకు పొడి, తారు, బురద అన్నీ ఉంటాయి. బాడీ కడిగాక వీటి జోలికి వెళ్తే ఆ మురికి మళ్ళీ డోర్ల మీద పడుతుంది, పైగా ఈలోగా బాడీ మీద నీళ్ళు ఆరిపోతాయి. చక్రాలకి వాడే బకెట్, బ్రష్, గుడ్డ వేరుగా పెట్టుకోండి. అవి పెయింటు దగ్గరికి రాకూడదు.

తరవాత చెయ్యి తగలకుండా ఎంత మురికి పోతే అంత పోగొట్టాలి. రూఫ్ నుంచి కిందికి పైపుతో ధారాళంగా నీళ్ళు కొట్టండి. ప్రెషర్ వాషర్ ఉంటే నీళ్ళు విసనకర్రలా పరుచుకునే నాజిల్ పెట్టి, కనీసం 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. రాయి తగిలి పెయింటు లేచిన చోట దగ్గరనుంచి కొడితే ఆ అంచు ఇంకా ఊడివస్తుంది. ఆపైన ఫోమ్ వేసి నాలుగైదు నిమిషాలు వదిలేసి, అది ఆరకముందే మళ్ళీ నీళ్ళతో కడిగెయ్యండి. ఫోమ్ గన్ లేకపోతే చేత్తో గాలి కొట్టే స్ప్రేయర్‌లో షాంపూ నీళ్ళు పోసి చల్లినా పని జరుగుతుంది.

ఇప్పుడు రెండు బకెట్లు. ఒకదానిలో షాంపూ నీళ్ళు, రెండోదానిలో మంచినీళ్ళు, ఒక్కోదానిలో పది పన్నెండు లీటర్లు. అడుగున జల్లెడలాంటి ప్లాస్టిక్ తట్ట వేస్తే ఇసుక దాని కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. షాంపూ సీసా మీద రాసినంతే కలపండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మురికి పోదు, జిడ్డు పొర మాత్రం మిగులుతుంది. గిన్నెలు తోమే ద్రవం పెయింటు మీద ఉన్న వ్యాక్స్‌ని లాగేస్తుంది, కారు షాంపూకి ఉండే జారుడు గుణం దానికి ఉండదు. బట్టల సబ్బుపొడి ఇంకా చెడ్డది, కరగని పలుకులు గీతలు పెడతాయి.

స్పాంజి వద్దు. దాని ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి ఇసుక పలుకు లోపలికి పోయే దారి లేక, స్పాంజికీ పెయింటుకీ మధ్యే నలుగుతుంది. పొడుగు పోగులున్న మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కుని రుద్దే సంచి) అయితే ఆ పలుకుని పోగుల మధ్యకి తీసుకుంటుంది. మిట్‌ని నొక్కకుండా, దాని బరువుతోనే, తిన్నగా గీత గీసినట్టు లాగండి. గుండ్రంగా రుద్దవద్దు. రూఫ్, అద్దాలు, బానెట్, డోర్ల పైసగం, డిక్కీ, చివరికి డోర్ల కిందిభాగం, బంపర్లు. కింది భాగానికి ఇంకో మిట్ ఉంటే మంచిది, ఎక్కువ ఇసుక అక్కడే ఉంటుంది. ఒక్కో ప్యానెల్ అయ్యాక మిట్‌ని ముందు మంచినీళ్ళలో జాడించి పిండి, ఆ తరవాతే షాంపూలో ముంచండి. మిట్ చేతిలోంచి జారి నేల మీద పడితే దాన్ని ఆరోజుకి పక్కన పెట్టెయ్యండి. ఎంత జాడించినా పోగుల్లో ఒక్క పలుకు మిగిలితే చాలు.

ఆఖరి కడుగుడికి పైపు చివర నాజిల్ తీసేసి, నీళ్ళు దుప్పటిలా పరుచుకుని జారేలా పైనుంచి వదలండి. చాలా నీళ్ళు వాటంతట అవే దిగిపోతాయి. ఆరబెట్టడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ని ప్యానెల్ మీద పరిచి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. రుద్దక్కర్లేదు. అద్దాల సందుల్లోంచీ లోగోల వెనకనుంచీ కారే నీళ్ళని బ్లోయర్‌తో ఊదెయ్యాలి. ఉప్పునీళ్ళు, బోరు నీళ్ళు అయితే ఈ దశలో అసలు ఆలస్యం చెయ్యకండి. చుక్క ఆరిపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి ఉంగరంలా మిగిలిపోతాయి. తాజా మరకైతే తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డతో ఒక నిమిషం అద్ది, తరవాత శుభ్రంగా కడిగితే పోతుంది. పాతబడి పెయింటుని తినేసిన మరకకి పాలిష్ ఒక్కటే దారి.

పట్టేసిన మురికి తీయడం

శుభ్రంగా కడిగిన బానెట్ మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని మెల్లగా నిమరండి. వట్టి చేతికి నున్నగా అనిపించిన చోటే ఇప్పుడు సన్న ఇసుక మీద చెయ్యి పెట్టినట్టు గరగరలాడుతుంది. బ్రేకుల నుంచి, పట్టాల నుంచి ఎగిరిన ఇనుప రేణువులు, తారు తుంపర్లు, చెట్ల జిగురు పెయింటులో దిగబడి ఉంటాయి. వీటిని తీయకుండా మెషిన్ పెడితే, దానికి బిగించే మెత్తటి ప్యాడ్ కింద నలిగి కొత్త గీతలు పెడతాయి.

ముందు ఐరన్ రిమూవర్ చల్లండి. ఇనుము తగిలిన చోట అది ఊదారంగుకి మారి కిందికి కారుతుంది. ఘాటైన వాసన వస్తుంది, చేతి తొడుగులు వేసుకోండి, గాలి ఆడే చోట చెయ్యండి. మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆరకముందే బాగా కడగాలి. తారు చుక్కలకి తారు రిమూవర్‌ని గుడ్డ మీద పోసి అద్ది పెట్టండి, అది కరిగాక తుడవండి, గోటితో గీకవద్దు.

మిగిలిన గరుకుకి క్లే, అంటే పెయింటులో దిగబడ్డ మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద. దాన్ని చిన్న ముద్ద తీసి నాలుగువేళ్ళ వెడల్పు బిళ్ళలా వత్తండి. ప్యానెల్ మీదా, క్లే మీదా జారుడు ద్రవం ధారాళంగా చల్లి, బరువు వెయ్యకుండా అటూఇటూ తిన్నగా లాగండి. మొదట చర్రుమని చప్పుడు చేస్తూ పట్టినట్టు ఉంటుంది, మురికి పోయేకొద్దీ చప్పుడు ఆగి నున్నగా జారుతుంది. బిళ్ళ నల్లబడితే మడిచి కొత్త ముఖం తీసుకోండి. నేల మీద పడిన క్లేని మాత్రం పారెయ్యాల్సిందే. క్లే చేసినచోట కొద్దిగా మసక గీతలు పడటం మామూలే. అందుకే పాలిష్ చేసే ఉద్దేశం ఉన్నప్పుడే క్లే జోలికి వెళ్ళడం మంచిది, ప్రతి కడుగుడికీ కాదు.

మెషిన్ పెట్టే ముందు

కారుని పూర్తిగా ఆరబెట్టి, మంచి ఎల్‌ఈడీ లైటుతో ఏటవాలుగా ప్రతి ప్యానెలూ చూడండి. గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు అందులో చిక్కుకుంటే ఆ గీత పాలిష్‌తో పూర్తిగా పోదు. పోగొట్టాలని పట్టుబడితే పొర పోతుంది. అలాంటివాటిని అంచులు మెత్తబడి తక్కువ కనబడేదాకా తెచ్చి వదిలెయ్యండి. మందం కొలిచే గేజ్ ఉంటే ఇంకా మేలు. కంపెనీ పెయింటు మొత్తం పొరలు కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. ఒక డోరు మాత్రం 200 దాటితే అది తిరిగి పెయింటు వేసిందని అనుమానించాలి. గేజ్ చూపేది మొత్తం మందమే, క్లియర్ కోట్ ఒక్కదానిది కాదు. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పని చెయ్యదు.

మెరుపు లేని మ్యాట్ పెయింటుకి ఎప్పుడూ పాలిష్ చెయ్యకూడదు, మెరుపు మచ్చలు పడి మళ్ళీ మామూలు కాదు. పాత కార్లలో కొన్నిటికి క్లియర్ కోట్ అసలు ఉండదు. మూలన కొద్దిగా రుద్ది చూసినప్పుడు ప్యాడ్‌కి కారు రంగు అంటితే అలాంటిదే అని తెలుస్తుంది. సిరామిక్ కోటింగ్ ఉన్న కారుకి పాలిష్ చేస్తే ఆ కోటింగ్ కూడా పోతుందని గుర్తుపెట్టుకోండి.

రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, లోగోలు, ప్యానెల్ అంచులు, బాడీ మీద పొడుచుకొచ్చిన మడతలు, అన్నిటికీ మాస్కింగ్ టేప్ వెయ్యండి. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి మొత్తం కూడా సన్నటి గీత మీదే పడుతుంది. పెయింటు తెగిపోవడం దాదాపుగా జరిగేది ఇక్కడే. నల్ల ప్లాస్టిక్‌కి పాలిష్ అంటితే ఆరాక తెల్లగా పట్టేసి, ఎన్నాళ్ళకీ వదలదు.

మెషిన్, ప్యాడ్, కాంపౌండ్

ఇంట్లో చేసేవాళ్ళకి డ్యూయల్ యాక్షన్ మెషినే కొనమని గట్టిగా చెబుతాం. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, వేడి ఒకేచోట పుడుతుంది, చెయ్యి తిరగనివాళ్ళు వాడితే ఎండలో నీడల్లా కదిలే హోలోగ్రాములు మిగులుతాయి. డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకి కూడా ఊగుతుంది. ఆ ఊపు 15 మిల్లీమీటర్లు, ప్యాడ్ ఐదు అంగుళాలు ఉన్నది చాలా కార్లకి సరిపోతుంది. అద్దాల పిల్లర్లకీ, బంపర్ మలుపులకీ మూడు అంగుళాల ప్యాడ్ ఉంటే హాయి.

ఈ మెషిన్‌లో తిరుగుడు మోటారుకి నేరుగా బిగించి ఉండదు. ఎక్కువ నొక్కినా, ప్యాడ్ వంకరగా ఆనినా తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రం మిగులుతుంది. అప్పుడు చప్పుడు ఉంటుంది కానీ గీత పోదు. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే గుండ్రటి బిళ్ళ) అంచున మార్కర్‌తో ఒక నల్లగీత గీయండి. మెషిన్ నడుస్తుంటే ఆ గీత మెల్లగా చుట్టూ తిరుగుతూ కనబడాలి. ఒకేచోట వణుకుతుంటే ఒత్తిడి తగ్గించండి, ప్యాడ్‌ని చదునుగా పెట్టండి.

ప్యాడ్లలో కోసేవి (ఎక్కువ అరగదీసేవి), పాలిష్‌వి, ఫినిషింగ్‌వి అని రకాలుంటాయి. రంగు చూసి కొనకండి, ఒక కంపెనీ రంగుల లెక్క ఇంకో కంపెనీకి కుదరదు. ఒక్క దఫా పనికే ఐదారు ప్యాడ్లు కావాలి. ఒకటే ప్యాడ్‌తో కారంతా లాగితే అది వేడెక్కి, నూనె పీల్చి, మధ్యలో కరిగి ఊడిపోతుంది, కోత కూడా తగ్గుతుంది.

ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్ అన్నది కారు చెప్పాలి. పెయింటు గట్టిదనం ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది. బానెట్ మీద 40 సెంటీమీటర్ల చదరం టేప్‌తో గుర్తుపెట్టుకుని, తక్కువ అరగదీసే జతతో, అంటే పాలిష్ ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో మొదలుపెట్టండి. గీతలు చాలావరకు పోతే కారంతా దానితోనే. పోకపోతే ముందు ప్యాడ్ మార్చండి, అప్పటికీ చాలకపోతే కాంపౌండ్ మార్చండి. నూటికి నూరూ పోగొట్టాలని చూడకండి. ఎనభై తొంభై శాతం పోయి, లోతైనవి నాలుగు మిగిలితే అది మంచి పనే. మిగిలిన పొర తరవాతి ఏళ్ళకి పనికొస్తుంది.

ఫలితం చూసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మరిచిపోకండి. పాలిష్‌లో ఉండే నూనెలు గీతల్ని నింపి పోయినట్టు చూపిస్తాయి, రెండు కడుగుళ్ళకి అవి తిరిగి కనబడతాయి. 70 శాతం ఆల్కహాల్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే సుమారు 14 శాతం అవుతుంది, అది చాలు. చిక్కగా వాడితే పెయింటు మెత్తబడి, తుడిచిన గుడ్డతోనే దాని మీద గీతలు పడతాయి.

పాలిష్ కొట్టడం

కొత్త ప్యాడ్ ముఖమంతా కొంచెం పాలిష్ వేలితో పలచగా పట్టించండి. పొడి ప్యాడ్ మొదటి నిమిషంలోనే గీతలు పెడుతుంది. తరవాత నుంచి ప్రతి చదరానికీ బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. ప్యాడ్‌ని పెయింటుకి ఆనించాకే స్విచ్ వెయ్యండి, లేకపోతే పాలిష్ అంతా గోడకి చిమ్ముతుంది. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, అది డోరు మీద రాసుకుంటే ఇంకో గీత.

వేగం ఒకటి, రెండులో ఉంచి 40 సెంటీమీటర్ల చదరమంతా పరచండి. తరవాత నాలుగు, ఐదుకి పెంచండి. చెయ్యి నెమ్మదిగా, సెకనుకి మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. ఒక వరసకి పక్కవరస సగం కప్పాలి. ముందు అడ్డంగా మొత్తం, తరవాత నిలువుగా మొత్తం, మళ్ళీ అడ్డం, మళ్ళీ నిలువు. ఒక చదరానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. తొందరపడి కారు తుడిచినట్టు అటూఇటూ ఊపితే పాలిష్‌లోని రాపిడి పొడికి పని చేసే సమయమే దొరకదు. ఒత్తిడి నాలుగైదు కిలోలు. బరువు తూచే యంత్రం మీద ఆపి ఉన్న మెషిన్‌ని ఒకసారి ఆనించి నొక్కి చూస్తే చేతికి లెక్క తెలుస్తుంది. ఆఖరి దఫాలో ఆ ఒత్తిడి తీసేసి మెషిన్ బరువుకే వదలండి.

మధ్యమధ్య ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆపి పక్క ప్యానెల్‌కి వెళ్ళండి. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఇనుప రేకులా ప్లాస్టిక్ వేడిని పక్కకి లాగదు, వేడి పైనే పోగవుతుంది.

ఒక చదరం అయ్యాక 350 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల బరువు) దగ్గరి మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడవండి. ప్యాడ్‌ని బ్రష్‌తో గీకి, పట్టిన పొడి పోగొట్టి తరవాతి చదరానికి వెళ్ళండి. అరగదీసిన పెయింటు అందులోనే ఉంటుంది, దాన్ని మళ్ళీ పెయింటు మీద తిప్పకూడదు. పక్క చదరం ముందుదాని మీదికి కొన్ని సెంటీమీటర్లు ఎక్కాలి.

తేడా వస్తే

పొడి బాగా రాలుతుంటే పాలిష్ ఎక్కువ వేశారు, లేదా అది ఎండిపోయాక కూడా నడుపుతున్నారు. కాంపౌండ్ తరవాత గీతలు పోయి పాలపొరలా మసక మిగిలితే కంగారు అక్కర్లేదు, మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్, సన్నటి పాలిష్‌తో ఇంకో దఫా కొడితే తేలిపోతుంది. నల్లకార్ల మీద ఈ రెండో దఫా దాదాపు తప్పదు, తెల్లకారు మీద చాలాసార్లు అవసరమే రాదు. సన్నటి తీగచుట్టల్లాంటి గీతలు కనిపిస్తే ప్యాడ్‌లో మురికి పలుకు చిక్కుకుంది, వెంటనే ప్యాడ్ మార్చండి. ఒకచోట రంగు పలచబడినట్టో, చుట్టూ అంచు కట్టినట్టో కనబడితే అక్కడ క్లియర్ కోట్ తెగింది. ఇంకా పాలిష్‌తో సరిచెయ్యాలని చూస్తే మచ్చ పెద్దదవుతుంది. దానికి మళ్ళీ పెయింటే.

పై పూత

పాలిష్ అయిన పెయింటు మీద ఏ రక్షణా ఉండదు, అదేరోజు ఏదో ఒకటి వెయ్యాలి. కార్నాబా వ్యాక్స్ మామూలుగా ఒకటి రెండు నెలలు, సింథటిక్ సీలంట్ నాలుగైదు నెలలు నిలుస్తాయి. రెండూ పలచగా వెయ్యాలి, మందంగా వేసినదంతా తుడుపులోనే పోతుంది. సిరామిక్ కోటింగ్ ఏళ్ళు నిలుస్తుంది కానీ తప్పుని క్షమించదు. ఆల్కహాల్‌తో తుడిచిన పెయింటు మీద చిన్న చిన్న చదరాలుగా వేసి, సీసా మీద చెప్పిన నిమిషాల్లోనే తుడిచెయ్యాలి. ఎక్కడైనా తుడవడం తప్పితే ఆ చోట ముదురు మరకగా గట్టిపడుతుంది, దాన్ని తీయడానికి మళ్ళీ మెషినే పట్టాలి. వేశాక కనీసం ఒక రోజు నీళ్ళు, మంచు తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు.

ప్యాడ్లని అదేరోజు గోరువెచ్చటి సబ్బునీళ్ళలో పిసికి, నురగ తేటగా వచ్చేదాకా జాడించి, నీడలో ఆరనివ్వండి. పాలిష్ లోపలే గట్టిపడిన ప్యాడ్ ఇంకోసారికి పనికిరాదు. మైక్రోఫైబర్ గుడ్డలని మిగతా బట్టలతో కలపకుండా వేరుగా ఉతకండి, నూలు పీచు వాటికి అంటుకుంటుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి, పోగుల మీద పొరకట్టి నీళ్ళు పీల్చే గుణం పోతుంది. ఆరాక మూతున్న డబ్బాలో పెట్టుకోండి. దుమ్ము పట్టిన గుడ్డని మళ్ళీ ఉతికాకే కారుకి తాకించాలి.